నీమో చేపలూ, ఉప్పునీళ్లూ

వదినగారూ, ఒక్క నిమిషం ఇలా గోడ దగ్గరికి రండి. మీ చిన్నోడు నిన్న సాయంత్రం మా వాడిని అడుగుతున్నాడు, రంగుల పగడాలు ఎక్కడ దొరుకుతాయని. ఫోన్‌లో ఏదో వీడియో చూశాడట, పుట్టినరోజుకి మీరు కొనిపెడతానన్నారట. కొనే ముందు నా మాట వినండి.

పగడం అంటే రాయి కాదండీ, మొక్కా కాదు. ప్రాణి. చిన్న చిన్న జీవులు వేలకొద్దీ ఒకచోట చేరి సున్నంతో గూడు కట్టుకుంటాయి. వాటి ఒంట్లో కంటికి ఆనని నాచు ఉంటుంది. వెలుతురుకి ఆ నాచు తయారుచేసేదే పగడానికి ముఖ్యమైన తిండి. నీళ్లు మామూలుకన్నా ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉన్నాయా, నాచు బయటికి పోతుంది, పగడం తెల్లగా పాలిపోతుంది. చల్లబడకపోతే చచ్చిపోతుంది కూడా. మన వైజాగ్‌లో మే నెల ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

పైగా చట్టం ఒప్పుకోదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రాతి పగడాలన్నిటినీ 2001లో మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులి ఉన్నదీ ఆ షెడ్యూల్లోనే. సముద్రపు గుర్రాలు కూడా అందులోవే. ‘లైవ్ రాక్’ అని అమ్మే రాయి ఉంటుంది చూశారూ, అది కూడా పగడపు దిబ్బ నుంచి తెచ్చిందైతే ముట్టుకోకండి. డాలస్‌లో మా పిన్ని కొడుకు ఇంట్లో పగడాల ట్యాంకు ఉంది. అక్కడ చాలామంది ట్యాంకులోనే పెరిగిన పగడాన్ని చిన్న ముక్క కోసి ఇంకొకరికి ఇస్తారు, అది మళ్లీ పెరుగుతుంది. వాడు నీళ్లలో కాల్షియం లీటరుకి 400 మిల్లీగ్రాములకి తగ్గకుండా చూసుకుంటాడు. పగడం గూడు కట్టుకునేది దాంతోనే కదా, ఎదిగేకొద్దీ నీళ్లలోంచి లాగేస్తూ ఉంటుంది. వాడిది వేరే దేశం, వేరే చట్టం. మనకి అండమాన్లో, లక్షద్వీపాల్లో, మన్నార్ సింధుశాఖలో, కచ్‌లో ఉన్న దిబ్బలు ఉన్నచోటే ఉండాలి. పిల్లాడికి ఈ మాట ఇప్పుడే చెప్పడం మంచిదని నాకనిపిస్తుంది.

మరి వాడి ముచ్చట ఎలా తీరుతుందంటారా? నీమో చేపలు ఉన్నాయిగా! 2003లో వచ్చిన సినిమాలోవే, నారింజ ఒంటి మీద తెల్ల పట్టీలు. సముద్రంలో పట్టినవి వద్దు, హేచరీలో పుట్టినవే అడిగి తీసుకోండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు వీటిని గుడ్ల నుంచి పెంచే పద్ధతి ఎప్పుడో సాధించారు. హేచరీ పిల్లలు తొట్టి నీళ్లలోనే పుట్టి, వేసిన మేత తిని పెరిగినవి, ఇంట్లో ఇట్టే అలవాటుపడతాయి. వాటికి ఇల్లు కావాలంటే కాల్చిన మట్టికుండ ఒకటి పక్కకి పడేస్తే చాలు.

నీళ్ల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. బీచ్ దగ్గరే కదా, రెండు క్యాన్లు పట్టుకొద్దాం అంటారు అన్నయ్యగారు, నాకు తెలుసు. వద్దండీ. ఒడ్డున మురుగు కలుస్తుంది. వర్షాలు పడ్డాక నదుల నీళ్లన్నీ బంగాళాఖాతంలోకి వచ్చి పైనీళ్లలో ఉప్పు బాగా తగ్గిపోతుంది. గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీళ్లు, ఒండ్రు వల్లే మన తీరంలో లక్షద్వీపాల్లాంటి దిబ్బలు పెరగలేదు. ఆర్వో నీళ్లు పట్టి, అక్వేరియం వాళ్లమ్మే సముద్రపు ఉప్పు లీటరుకి 35 గ్రాముల లెక్కన కలపండి. వంటింటి ఉప్పు పనికిరాదు, అందులో మెగ్నీషియం, కాల్షియం లాంటివి సరిపడా ఉండవు.

కలిపిన రోజే చేపల్ని వెయ్యకూడదు. రాళ్లు పెట్టి, ఫిల్టర్ ఆన్ చేసి, చిటికెడు మేత పడేసి ఊరుకోవాలి. మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది. దాన్ని నైట్రైట్ చేసే బాక్టీరియా ఒకటి, నైట్రైట్‌ని నైట్రేట్ చేసేది ఇంకొకటి మెల్లగా రాళ్ల మీద స్థిరపడతాయి. పాలు తోడుకోవడం లాంటిదే, తొందరపెడితే అవదు. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపలు. ఇంకోటండీ, నీళ్లు ఆవిరైనా ఉప్పు ఎక్కడికీ పోదు. అద్దం మీద మార్కర్‌తో గీత గీసి, తగ్గినంతా ఉత్త ఆర్వో నీళ్లే పొయ్యండి. ఉప్పునీళ్లు పోస్తే పోనుపోను చిక్కనైపోతాయి.

మా ఇంట్లో ఉన్న నీమోల జంట కుండ లోపలి గోడకి గుడ్లు పెట్టింది, చూశారా? నీమోలు మొదట అన్నీ మగవే. జంటలో పెద్దది ఆడదవుతుంది. అది చచ్చిపోతే మిగిలిన మగదే ఆడదిగా మారుతుంది! గుడ్లకి కాపలా మాత్రం ఎక్కువగా మగదే. రెక్కలతో విసురుతూ ఉంటుంది, పాడైన గుడ్డు కనపడితే నోటితో ఏరేస్తుంది. మొదట నారింజ రంగులో ఉన్నవి, ఇప్పుడు ఒక్కో గుడ్డులో రెండేసి వెండి చుక్కలు మెరుస్తున్నాయి. అవి కళ్లండీ! గుడ్లు పెట్టిన వారం పైచిలుకుకి, చీకటి పడ్డాక పిల్లలవుతాయి. మీ చిన్నోడిని ఈ రాత్రి పంపించండి, టార్చ్ వెయ్యొద్దని చెప్పి మరీ పంపించండి.

అన్నట్టు, ట్యాంకు ఎక్కడ పెడతారు? మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తుదైతే నీళ్లే 190 లీటర్లు, అంటే దగ్గర దగ్గర 200 కిలోలు. రాళ్ల బరువు వేరే. మీ హాల్లో ఉన్న టీవీ బల్ల ఆగదు, ఇనప స్టాండు చేయించండి. పడమటి కిటికీ పక్కన మాత్రం వద్దు, మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతుంది.