డ్యూటీ దిగొచ్చిన పక్షి

"నడవలేని వాళ్ళకి జీపుంది" అన్నాడు గైడ్. నేను నాన్న వైపు చూశాను. నాన్న సముద్రం వైపు చూస్తున్నాడు.

ఫాక్‌లండ్స్‌లో వెస్ట్ పాయింట్ దీవి. జనవరి మొదటి వారం, అంటే అక్కడ ఎండాకాలం. పేరుకే ఎండాకాలం, గాలి చెవులు కోసేస్తోంది. ఓడ దిగి రబ్బరు పడవలో ఒడ్డుకొచ్చాం. పక్షులుండేది దీవికి అవతలి వైపు, కొండ అంచున. సుమారు రెండు కిలోమీటర్ల నడక.

నాన్నకి డెబ్భై రెండు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఫాక్‌లండ్స్ అనగానే ఆయనకి గుర్తొచ్చింది 1982 యుద్ధం. "రోజూ పేపర్లో చదివేవాణ్ణి. మీ అమ్మకి కూడా చదివి వినిపించేవాణ్ణి" అన్నాడు ఓడలో. అమ్మ పోయి రెండేళ్ళు. ఆ తర్వాత ఆయన అమ్మ మాట ఎత్తడం అదే మొదలు.

"జీపులో వెళ్ళకూడదూ నాన్నా?"

"ముప్పై ఏళ్ళు గూడ్సు బండి పొడవునా నడిచినవాణ్ణి తల్లీ."

ఆయన మోకాలి గురించే నా బెంగ అని నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఒడ్డున మాకిచ్చింది మూడు గంటలు. నా మూడేళ్ళ పొదుపంతా ఆ మూడు గంటల్లో ఉంది. ఆయన నడకతో నడిస్తే సగం దారికే పోతుంది.

బర్డ్ ఫ్లూ భయంతో ఓడవాళ్ళు గట్టిగా చెప్పారు: నేల మీద కూర్చోవద్దు, సంచి కూడా పెట్టొద్దు. కాబట్టి ఆయాసం వచ్చినప్పుడల్లా నాన్న నా భుజం మీద చెయ్యేసి నిలబడేవాడు. మాతో దిగినవాళ్ళంతా మమ్మల్ని దాటి వెళ్ళిపోయారు. మూడోసారి ఆగినప్పుడు వాచీ చూసుకున్నాను. ఆయన చూడనే చూశాడు. ఏమీ అనకుండా నడక వేగం పెంచాడు. అప్పుడు తల కొట్టేసినట్టయింది.

కొండ అంచు దగ్గర మనిషెత్తు గడ్డి. పక్షులు కనపడకముందే కంపు కొట్టింది, గోల వినిపించింది. గడ్డి పక్కకి తీస్తే, నాలుగైదు బారల దూరంలో ఆల్బట్రాస్‌లు. మట్టితో కట్టుకున్న చిన్న చిన్న తిన్నెల మీద ఒక్కొక్కటీ, పొట్ట కింద బూడిదరంగు పిల్ల. ఏడాదికి ఒక్కటే గుడ్డు. వాటి మధ్య సందుల్లో రాక్‌హాపర్ పెంగ్విన్లు, ఎర్ర కళ్ళు, పసుప్పచ్చ కుచ్చులు, రెండు కాళ్ళూ కలిపి బండ మీంచి బండ మీదికి గెంతుతూ. రెండు జాతులదీ ఒకే వాడ. ప్రపంచంలో ఉన్న నల్లకనుబొమల ఆల్బట్రాస్‌లలో మూడింట రెండొంతుల పైగా గూడు కట్టేది ఈ ఫాక్‌లండ్స్‌లోనే.

ఎనిమిదడుగుల రెక్కలు. భుజం దగ్గరుండే ఒక స్నాయువు ఆ రెక్కల్ని చాచినచోటే బిగించి పట్టుకుంటుంది. అందుకే గంటల తరబడి రెక్క ఆడించకుండా గాలి మీద తేలగలవు. దిగడం మాత్రం రాదు. మా ముందే ఒకటి వచ్చి, కాళ్ళు తడబడి, రొమ్ము నేలకి కొట్టుకుని పల్టీ కొట్టింది. లేచి, ఏమీ జరగనట్టు, పాదాలు టపటపలాడిస్తూ తన గూటికి నడిచింది.

గూట్లో ఉన్నది తలెత్తి చూసింది. కళ్ళ మీద ఆ నల్లటి గీత వల్ల ఎప్పుడూ కోపంగా ఉన్నట్టే ఉంటుంది దాని మొహం. ఒకటి గూడు కాస్తుంటే రెండోది మేతకోసం సముద్రం మీద తిరిగొస్తుందని గైడ్ చెబుతున్నాడు.

"డ్యూటీ దిగొచ్చాడు" అన్నాడు నాన్న. కాసేపాగి, "లైను మీదికెళ్ళి మూడో రోజు ఇంటికొస్తే మీ అమ్మ మొహం అచ్చం ఇలాగే ఉండేది" అన్నాడు.

నవ్వాను. ఆయనా నవ్వాడు. రెండు పక్షులూ ముక్కులు టకటకా కొట్టుకున్నాయి. నాన్న భుజం మీద చెయ్యి తియ్యలేదు. ఈసారి ఆయాసం వల్ల కాదని తెలుస్తూనే ఉంది. టైమెంతయిందో నేను చూడలేదు.

తిరిగి వెళ్ళేటప్పుడు జీపొచ్చింది. ఆయనే వెళ్ళి ఎక్కి కూర్చున్నాడు.

"నువ్వు నడిచి రా. నీ ఇష్టమొచ్చినంత సేపు చూసుకుని రా" అన్నాడు. "కింద ఇంట్లో టీ ఇస్తారట. నీ కప్పు మీద మూత పెట్టి ఉంచుతాలే."