మే నెలలో 5 గిగాహెర్ట్జ్

ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ చేశామని జనం పెట్టే స్క్రీన్‌షాట్లలో నేను ముందు చూసేది స్పీడ్ కాదు, వోల్టేజీ.

స్పీడ్ లెక్క తేలికే. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్, మల్టిప్లయర్ 50 పెడితే 5 గిగాహెర్ట్జ్. అసలు కథ వేడి దగ్గర మొదలవుతుంది. చిప్ లాగే పవర్ స్పీడ్‌తో పాటు మామూలుగా పెరుగుతుంది, వోల్టేజీ పెంచితే మాత్రం దాని వర్గంతో పెరుగుతుంది. 4.7 నుంచి 5కి వెళ్లడానికి 1.2 వోల్టుల్ని 1.35 చేశారనుకోండి. వేగం ఆరు శాతం చిల్లర, వేడి దాదాపు 35 శాతం! ఆ ఆరు శాతం గేములో కంటికి ఆనదు కూడా.

పైగా "యూట్యూబ్‌లో అతనికి 70 డిగ్రీలే, నాకు 85 ఏంటి?" అని ఒకటే కంగారు. అతని గది ఎంత చల్లగా ఉందో ఎవరూ అడగరు. గాలి కూలరైనా, నీళ్ల కూలరైనా చిప్‌ని గది కంటే చల్లగా ఉంచలేదు. జనవరిలో 24 ఉన్న గది మే నెల బెజవాడలో 38 అయితే, ఆ 14 డిగ్రీలూ ప్రాసెసర్ నెత్తినే.

రైజెన్ 7000 ఎక్స్ చిప్‌ల సంగతి వేరు. ఫుల్ లోడ్‌లో 95 దాకా వెళ్లేలానే ఏఎండీ వాటిని చేసింది. దాటబోతే చిప్పే స్పీడ్ తగ్గించుకుంటుంది. అక్కడ చూడాల్సింది 95ని కాదు, 95 దగ్గర క్లాక్ ఎంతలో నిలబడిందో.

నేనైతే ఇప్పుడు వోల్టేజీ తగ్గించే పార్టీలో చేరిపోయాను. స్పీడ్ అంతే ఉంది, ఫ్యాన్ మోత తగ్గింది. ఓవర్‌క్లాక్ చేసి తీరాలనుకునేవాళ్లు స్ట్రెస్ టెస్ట్ మాత్రం మధ్యాహ్నం రెండింటికి పెట్టండి. రాత్రి ఏసీలో పాసైతే ఒప్పుకోను.