మోవా నుండి చంపారణ్యానికి

రాయపూర్ నగరంలో పండ్రి వస్త్రాల బజారు దాటి, బలౌదా బజారు రహదారి పట్టి, రైలుమార్గం మీది వంతెన దిగితే మోవా వస్తుంది. ఒకప్పుడు ఊరి వెలుపలి గ్రామం. నేడు నగరంలో కలిసిపోయిన పేట. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం అవతరించిన పిమ్మట, శాసనసభ చాలా ఏళ్లపాటు సమావేశమైన భవనం ఈ దిక్కుననే ఉండటంతో మోవాకు రాకపోకలు పెరిగాయి. బడిలో హిందీ, బజారులో ఛత్తీస్‌గఢీ: ఇక్కడి పిల్లల చెవులకు అలవాటైన భాషలు ఇవి.

ఈ నగరానికి తెలుగువారి రాక కొత్తది కాదు. విజయనగరం నుండి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా వచ్చే రైలుమార్గం 1931లో రాయపూర్ వరకు పూర్తి అయినది. ఆ దారిన ఉద్యోగానికని కొందరు, వ్యాపారానికని కొందరు వచ్చారు. 1959లో భిలాయి ఉక్కు కర్మాగారం పని ప్రారంభించాక మరికొందరు ఇటు తరలివచ్చారు. తాత్కాలికంగా వచ్చినవారు తరాలుగా నిలిచిపోయారు.

పరాయిచోట స్థిరపడిన కుటుంబానికి తరచుగా ఒక పాత ట్రంకుపెట్టె ఉంటుంది. అందులో పెండ్లి పత్రికలు, భూమి కాగితాల నడుమ ఎవరో పూర్వికుడు స్వహస్తంతో వ్రాసుకొన్న పద్యాల నోటుపుస్తకం కనబడటమూ కద్దు. కొడుకు దానిని చదువగలడు. మనుమడు కూడబలుక్కొంటాడు. మునిమనుమనికి ఆ అక్షరాలు వట్టి గీతలు. పారవేయటానికి మనసొప్పదు, చదవటానికి లిపి రాదు. అటువంటి పుస్తకం గతి ఏమి?

ఈ ప్రశ్నను అయిదువందల ఏళ్ల క్రిందటనే ఎదుర్కొన్న తెలుగు కుటుంబం ఒకటి ఉన్నది. దాని కథ మొదలైన చోటు మోవాకు ఎంతో దూరం కాదు. తూర్పుగా ఆరంగ్ వరకు పోయి దక్షిణానికి మళ్లితే, మహానది పరిసరాలలో చంపారణ్ అనే పల్లె వస్తుంది. రాయపూర్ నుండి సుమారు 50, 60 కిలోమీటర్ల ప్రయాణం. 1917లో గాంధీజీ నీలిమందు రైతుల పక్షాన నిలిచిన చంపారణ్ బీహారులోనిది, ఇది వేరు. ఇక్కడ చంపేశ్వర మహాదేవుని ఆలయం, దాని చెంత పుష్టిమార్గ ప్రవర్తకుడైన వల్లభాచార్యుల జన్మస్థానం ఉన్నాయి.

వల్లభుని పూర్వికులు ఆంధ్రదేశానికి చెందిన వెలనాటి బ్రాహ్మణులు. కాంకరవాడ వారి స్వగ్రామమని సంప్రదాయ గ్రంథాలు చెబుతాయి. తండ్రి లక్ష్మణభట్టు, తల్లి ఇల్లమ్మగారు. కాశీలో నివసిస్తున్న ఆ దంపతులు దండయాత్ర భయంతో దక్షిణానికి బయలుదేరారు. త్రోవలో, ఈ అడవిలో, 1479లో చైత్ర బహుళ ఏకాదశినాడు, నెలలు నిండకుండానే ఇల్లమ్మగారు ప్రసవించినది. శిశువు మరణించాడనుకొని జమ్మిచెట్టు మొదట పడుకోబెట్టి ముందుకు సాగారట. కాశీలో భయం తొలగినదని విని తిరిగివచ్చేసరికి బిడ్డ అగ్నివలయం నడుమ ఆడుకొంటున్నాడని భక్తుల కథ. కథలోని అద్భుతాన్ని పక్కన పెట్టినా మిగిలేది ఒకటున్నది: వల్లభుడు పుట్టుకతోనే ప్రవాసి. అటు పూర్వికుల ఊరూ కాదు, ఇటు తల్లిదండ్రుల నివాసమూ కాదు. నడుమ దారిలో కన్ను తెరిచాడు.

ఆయన దేశాటనం చేసి, ప్రయాగ సమీపాన అడేలులో కాపురముండి, 1531లో కాశీలో దేహం చాలించాడు. గ్రంథరచన అంతా సంస్కృతంలోనే సాగినది. భాగవతానికి ‘సుబోధిని’ వ్యాఖ్య, బ్రహ్మసూత్రాలకు ‘అణుభాష్యం’, ‘షోడశగ్రంథాలు’ అనే పదహారు చిన్న కృతులు ఆయనవి. ఆయన రచించిన ‘మధురాష్టకం’ ఎం.ఎస్. సుబ్బులక్ష్మి కంఠాన దేశమంతటా వినబడినది, తెలుగిళ్లలోనూ సుపరిచితమే. దాని కర్త తెలుగు కుటుంబంలోనివాడని అందరికీ తోచకపోవచ్చు.

వారసులు ఆ రచనలను కాపాడిన తీరు గమనింపదగినది. పుష్టిమార్గంలో శ్రీకృష్ణుని విగ్రహమే కాదు, ఆచార్యుని పాదుకలూ, ఆయన స్వహస్తంతో వ్రాసిన పత్రాలూ సేవాస్వరూపాలే. ‘హస్తాక్షరాలు’ అనబడే ఆ పత్రాలను నమ్మినవారు భద్రంగా ఉంచి అర్చిస్తారు. అణుభాష్యం అసంపూర్ణంగా మిగిలితే రెండవ కుమారుడు విఠ్ఠలనాథుడు పూరించాడు. ఆయన ఏడుగురు కుమారుల నుండి ఏడు పీఠాలు వెలిశాయి. వాటిలో మూడవదైన రాజస్థాన్‌లోని కాంక్రోలీ పీఠం ‘సరస్వతీ భండార్’ పేరిట వ్రాతప్రతుల నిలయాన్ని పెంపొందించినది.

అయితే నష్టాలు లేకపోలేదు. వల్లభుని పెద్దకుమారుడు గోపీనాథుడూ, ఆయన కొడుకూ మరణించిన పిమ్మట, గోపీనాథుని భార్య మామగారి వ్రాతప్రతులు కొన్ని వెంట తీసుకొని దక్షిణానికి వెళ్లిపోయినదని సంప్రదాయ కథనం. నేడు లభించే సుబోధిని భాగవతం అంతటికీ లేదు. ఒకటి, రెండు, మూడు, పది స్కంధాలకూ, పదకొండవ స్కంధంలో కొంతకూ మాత్రమే ఉన్నది. ఎంతటి భక్తి ఉన్నా, ఒక్క పెట్టెలో ఒక్క ప్రతిగా ఉన్నది ఇంటి కలహమొకటి చాలు, చేజారటానికి.

అక్షరం నిలవాలంటే అది పెట్టెను విడిచి బయటకు రావాలి. ఇందుకు జయపురంలోని మరొక తెలుగు వలస కుటుంబం సాక్ష్యం. సవాయి జయసింహుని కాలాన బూందీ నుండి జయపురం చేరిన శ్రీకృష్ణభట్ట కవికళానిధి ‘ఈశ్వరవిలాసం’ అనే సంస్కృత మహాకావ్యం వ్రాశాడు. ఆనాటి జయపురానికీ, జయసింహుడు చేసిన అశ్వమేధానికీ అది సమకాలికుని సాక్ష్యం. రెండు శతాబ్దాల పిమ్మట, ఆ వంశంలోనే పుట్టిన సంస్కృత కవి భట్ట మథురానాథశాస్త్రి దానిని పరిష్కరించగా 1958లో అచ్చయినది. పూర్వికుని పద్యానికి వంశీకుడే పరిష్కర్త అయ్యాడు.

ఈ రెండు కుటుంబాల ఇంటిభాష కాలక్రమాన మారిపోయినది. వల్లభుని వంశీకులు నేడు వ్రజభాష, హిందీ, గుజరాతీ మాట్లాడతారు. చంపారణ్‌కు వచ్చే యాత్రికులలో గుజరాతీలే అధికం. తెలుగు పోయినా పూర్వికుని మాట పోలేదు. ఒక చోట అది నిత్యసేవలో పఠనమై నిలిచినది. మరొక చోట అచ్చు పుస్తకమై నిలిచినది. పూజించటం వలన కాగితం మిగులుతుంది. చదవటం వలన పద్యం మిగులుతుంది.

మోవా వంటి పేటలలో ట్రంకుపెట్టె తెరిచే కుటుంబాలకు ఇంతకన్న పెద్ద పాఠం అక్కరలేదు. చేయవలసినవి చిన్న పనులే. నోటుపుస్తకం మొదటి పుటలో వ్రాసినవారి పేరు, ఊరు, సంవత్సరం చేర్చాలి. ప్రతి పుటకూ ఫోటో తీసి ఒకటికి మించిన చోట్ల ఉంచాలి. చదువగల పెద్దలుండగానే వారిచేత చదివించి గొంతు భద్రపరచాలి. మనుమలకు వచ్చిన లిపిలోకి ఎత్తి వ్రాయాలి. దేవనాగరిలో ఉన్నంత మాత్రాన పద్యం తెలుగు కాకుండా పోదు. అన్నిటికన్న ముందు, ఏడాదికొక్కమారైనా, ఏ ఉగాదినాడో, ఆ పద్యాలలో ఒకటి ఇంట్లో వినబడాలి.

సాయంకాలం చంపారణ్ నుండి తిరుగు బస్సులు రాయపూర్ దారి పడతాయి. ఆ అడవిలో విడిచిపోయిన బిడ్డ కోసం తల్లి వెనుకకు మళ్లినదని కథ చెబుతుంది. పెట్టె అడుగున విడిచిన పద్యాల కోసం కూడా ఎవరో ఒకరు వెనుకకు మళ్లవలసి ఉన్నది.