మోర్మన్ల వార్డు, మన వాడ

యూటాలో ఉద్యోగం అనగానే మనవాళ్ళు అడిగేవి రెండే ప్రశ్నలు. ఒకటి, అక్కడ ఇండియన్ స్టోర్ ఉందా? రెండు, వాళ్ళకి నిజంగా నలుగురేసి పెళ్ళాలా? ఇండియన్ స్టోర్ ఉంది. రెండోదేమో 1890లోనే మానేస్తున్నామని ఆ చర్చి ప్రకటించింది, ఇప్పుడెవడైనా చేసుకుంటే వెలేస్తారు. ఈ రెండూ అయ్యాక ఇంకెవరూ ఏమీ అడగరు. నేనైతే మూడోది ఒకటి అడుగుతాను. అక్కడ ఒంటరిగా ఉండే ముసలివాళ్ళని ఎవరు చూస్తారు?

నాకెందుకీ గోల అంటే, మా నాన్నగారు పోయాక అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటోంది. అన్నయ్య బెంగుళూరు. నేను మూడేళ్ళు సాల్ట్ లేక్ సిటీ దగ్గర లీహై అనే ఊళ్ళో పనిచేసి హైదరాబాద్ వచ్చేశాను. వచ్చి ఏం లాభం, తెనాలికి రాత్రి రైలెక్కితే గానీ చేరలేను. ఈ మాట చదువుతున్నవాళ్ళలో సగం మంది పరిస్థితి ఇదేనని నాకు తెలుసు. మీది బాపట్లో, రేపల్లో, పొన్నూరో, అంతే తేడా.

మోర్మన్ అనే పేరు వాడొద్దని 2018లో వాళ్ళ అధ్యక్షుడు నెల్సన్ గట్టిగా చెప్పాడు. అసలు పేరు చాలా పొడుగు, కాబట్టి నేను పాత అలవాటుతోనే కానిచ్చేస్తున్నా. వాళ్ళ మతం సంగతి నాకనవసరం. బంగారు రేకులు, దేవదూత, అవన్నీ వాళ్ళ నమ్మకం. నన్ను పట్టుకున్నది వాళ్ళ వార్డు.

వార్డంటే మన మునిసిపాలిటీ వార్డు లాంటిదే, గీత గీసిన కొన్ని వీధులు. ఆ గీత లోపల ఉన్నవాళ్ళంతా ఒకే చోట ఆదివారం కలవాలి. పక్క వార్డులో పాటలు బాగుంటాయి, అక్కడ డాక్టర్లూ లాయర్లూ ఎక్కువ వస్తారు, అటు వెళతానంటే మామూలుగా కుదరదు. దాని పెద్దని బిషప్ అంటారు గానీ పాస్టర్ ఉద్యోగం కాదు, జీతం లేదు. మా వీధి బిషప్ పగలంతా ప్లంబింగ్ సామాను అమ్ముకునేవాడు. అయిదేళ్ళో ఎంతో చేసి దిగిపోతాడు, మర్నాడు వాళ్ళావిడతో పాటు వెనక వరసలో కూర్చుంటాడు. వార్డులో దాదాపు ప్రతివాడికీ ఏదో ఒక పని అప్పగిస్తారు. ఒకరికి పిల్లల పాటలు, ఒకరికి కుర్చీలు సర్దటం. చేతకానివాడికి కూడా ఇస్తారు, అదే నాకు తమాషాగా ఉండేది.

ఇందులో ఆయువుపట్టు ఇంకొకటుంది. ప్రతి కుటుంబాన్నీ నెలకోసారి వెళ్ళి పలకరించే బాధ్యత ఫలానా ఇద్దరిదని పేర్లు రాసి ఉండేవి. 2018 ఏప్రిల్లో ఆ పద్ధతి మార్చి, నెలవారీ లెక్కలు తీసేసి కాస్త సడలించారు గానీ పేర్లు రాయడం మాత్రం పోలేదు. మా ఎదురింటి పెద్దావిడకి భర్త లేడు, పిల్లలు వేరే రాష్ట్రాల్లో. మంచు పడ్డ రోజు నేను కిటికీ తెర తీసేసరికే ఆవిడ వాకిలి శుభ్రంగా ఉండేది. ఆ చేసే కుర్రాడు ఆవిడకి చుట్టం కాదు, లిస్టులో ఆవిడ పేరు పక్కన వాడి పేరుంది. అంతే! మన భాషలో చెప్పాలంటే ఓనర్ ఉన్న టికెట్. ఓనర్ లేని టికెట్ గతేమిటో మీకు నేను చెప్పాలా? అందరూ చూస్తారు, ఎవరూ ముట్టుకోరు.

డబ్బు సంగతి కూడా అలాగే. నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు పస్తుండి, ఆ తిండి ఖర్చుకి తగ్గకుండా ఇస్తారు. అది ఇబ్బందిలో ఉన్నవాళ్ళ కోసం. ఇది కాక ఆదాయంలో పదో వంతు వేరే. ఆడవాళ్ళ రిలీఫ్ సొసైటీ 1842 నుంచీ ఉంది. ఎవరింట్లో పురుడో చావో అయితే భోజనాల క్యారేజీలు వరసపెట్టి వస్తాయి. (టీ, కాఫీలు మాత్రం రావు, నిషేధం. తెనాలివాడికి అది కాస్త కష్టమే.)

దీనివల్ల మనుషులు బాగుపడ్డారా అంటే, ఒక లెక్క చెబుతాను. 2014లో రాజ్ చెట్టి బృందం అమెరికా ఊళ్ళని పోల్చి చూసింది. అడుగున ఉన్న అయిదో వంతు కుటుంబాల్లో పుట్టి పైనున్న అయిదో వంతులోకి చేరే పిల్లలు షార్లట్‌లో నూటికి 4.4 మంది, సాల్ట్ లేక్ సిటీలో 10.8 మంది. కారణాలు చాలా ఉంటాయి, అంతా చర్చి ఖాతాలో వేయకూడదు. అయితే 2022లో అదే చెట్టి, పేద పిల్లల ఎదుగుదలకి డబ్బున్నవాళ్ళతో స్నేహాలు చాలా ముఖ్యమని తేల్చాడు. ప్లంబింగ్ షాపాయనా, అతని దగ్గర పనిచేసే కుర్రాడూ ఒకే బెంచీ మీద కూర్చునే వార్డు గుర్తొచ్చింది నాకు. 2010లో లిమ్, పుట్నం అనే ఇద్దరు ఇంకోటి చూశారు. గుడికి పోయేవాళ్ళు ఎక్కువ తృప్తిగా ఉండటానికి కారణం ప్రార్థన కన్నా అక్కడ దొరికిన స్నేహితులేనట. స్నేహితులు లేకుండా పోయి వచ్చేవాడికి ఆ లాభం పెద్దగా లేదట.

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి, మన తెలుగువాళ్ళకీ సంబంధం ఉంది. సమోవా దీవుల్లో ఉద్యోగం చేస్తూ ఈ చర్చిలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాద్ వచ్చి తమ బంధువుల్లో 22 మందికి బాప్తిస్మం ఇప్పించారు. ఆ ఏడు జూన్ దాకా నల్లజాతి మగవాళ్ళకి యాజకత్వం ఇవ్వని చర్చి అది! 2012లో ఇండియాలో మొట్టమొదటి స్టేక్, అంటే కొన్ని వార్డుల గుంపు, హైదరాబాద్‌లోనే పెట్టారు.

ఇంకో తమాషా ఉంది. మోర్మన్లకి పెద్దలు దీవెన ఇస్తూ నువ్వు ఇశ్రాయేలులో ఫలానా గోత్రం అని చెబుతారు, ఎక్కువమందికి వచ్చేది ఎఫ్రాయిము. మన చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు, మేమూ ఎఫ్రాయిము సంతానమే, యూదులమే అంటూ శనివారం పాటిస్తూ బ్రతుకుతున్నాయి. బెనె ఎఫ్రాయిమ్ అంటారు వాళ్ళని, వాళ్ళ మీద 2013లో పెద్ద పుస్తకమే వచ్చింది. ఊళ్ళో పుట్టుకతో ఇచ్చిన చోటు నచ్చనప్పుడు మనిషి మూడువేల ఏళ్ళ వెనక్కి వెళ్ళి ఇంకో చోటు వెతుక్కుంటాడు. దాన్ని వెక్కిరించేవాళ్ళకి తమ చోటు బాగా నచ్చి ఉంటుంది.

ఎందుకంటే మన దగ్గర ఎవరు ఎవరింటికి వెళ్ళాలో రాసిపెట్టిన లిస్టు ఎప్పటినుంచో ఉంది. దాని పేరు కులం. చర్చిల్లోకి వెళ్ళినా పోలేదది. గుంటూరు జిల్లాలో లూథరన్ అంటే ఎక్కువగా మాలపల్లె, బాప్టిస్టు అంటే మాదిగపల్లె. గీత వీధుల మీద గీయలేదు, పుట్టుక మీద గీశారు. పైగా పేరు లిస్టులో ఉండటం ప్రతిసారీ అదృష్టం కాదు. బాపట్ల పక్కన స్టూవర్టుపురంలో ఎరుకలవాళ్ళని సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో పెట్టి హాజరు తీసుకున్న రోజులున్నాయి. అదీ లిస్టే, నేరస్థ జాతుల చట్టం కింద!

చుండూరు తెనాలికి కూతవేటు దూరం. 1991 ఆగస్టు 6న అక్కడ 8 మంది దళితుల్ని చంపారు. అంతకు ముందు కొన్ని వారాలపాటు నడిచింది సాంఘిక బహిష్కరణ, అంటే పనులివ్వరు, కౌలుకివ్వరు. ఒక్క మాటతో అందరూ కట్టుబడ్డారంటే ఆ కులం ఎంత ఐకమత్యంగా ఉందో చూడండి. ఆపదలో క్యారేజీ పంపించేదీ, వెలేసేదీ ఒకే యంత్రాంగం. 2007లో ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

మోర్మన్లలోనూ ఆ రెండో ముఖం ఉంది. నమ్మకం పోయి బయటికొచ్చినవాళ్ళకి ఒక్క దెబ్బతో స్నేహాలు, ఆదివారాలు, ఒక్కోసారి అమ్మానాన్నలతో మాటలు కూడా పోతాయి. నాతో పనిచేసిన ఒకతను బయటికొచ్చి ఏడాదైంది, ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఆఫీసులో కాఫీ తాగేటప్పుడు తలుపు వైపు వీపు పెట్టి కూర్చునేవాడు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి.

సరే, ఇంతా చెప్పి నేనేం చేస్తున్నానంటే.. మా రేపల్లె స్కూలు బ్యాచ్ వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో 19 మంది ఇంకా తెనాలి, బాపట్ల, రేపల్లెల్లోనే ఉంటున్నారు. బయట ఉన్నవాళ్ళ తల్లిదండ్రుల ఇళ్ళు 26. ఒక షీటు తయారుచేసి, ఒక్కొక్కరికి ఒకటి రెండు ఇళ్ళు, నెలకోసారి వెళ్ళి పది నిమిషాలు కూర్చోండి, మందులూ కరెంటు బిల్లూ కనుక్కోండి అన్నాను. ఖర్చులకి బయటవాళ్ళం తలా కొంత వేసుకున్నాం. దగ్గర్లో ఎవరుంటే వాళ్ళ పేరు పక్కన పెట్టాను, ఇంకేదీ చూడలేదు.

మొదటి రోజే ఇద్దరు విడిగా మెసేజ్ పెట్టారు, "మనోళ్ళ ఇళ్ళు ఇస్తే బాగుంటుందిరా" అని. ఇంకొకడు ఫోన్ చేసి, "నేను వెళతాను గానీ వాళ్ళు లోపలికి రానిస్తారా?" అన్నాడు. వాడి ప్రశ్నే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఎందుకంటే వాడికి ఇచ్చింది మా అమ్మ ఇల్లే. అమ్మకి ముందే ఫోన్ చేసి చెబుదామా అని ఒక పూటంతా ఆలోచించి, చెప్పకుండా వదిలేశాను. లిస్టు మార్చలేదు. విడిగా అడిగిన ఇద్దరిలో ఒకడు తప్పుకున్నాడు, రెండోవాడు గొణుగుతూనే వెళుతున్నాడు.

పోయిన ఆదివారం వాడు మా ఇంటికి వెళ్ళొచ్చాడు. బీపీ మాత్రలు నాలుగు రోజులకే ఉన్నాయట, తెచ్చిచ్చాడు. అమ్మ హాల్లో కూర్చోబెట్టి టీ ఇచ్చిందట. ఏ గ్లాసులో ఇచ్చిందో నేనడగలేదు, వాడు చెప్పలేదు. వచ్చే నెల మళ్ళీ వెళతానన్నాడు. తప్పుకున్నవాడి రెండిళ్ళూ బాపట్లలో ఉన్నాయి, ఇంకా ఖాళీగానే ఉన్నాయి.