మూడు వేళ్లు

ఒక సాయంత్రం గౌడవెల్లిలో మా ఇంటికి పాత పరిచయస్తురాలు ఒకరు వచ్చారు. ఆమెకు చాలా ఏళ్లుగా స్క్లెరోడెర్మా, అంటే చర్మం గట్టిపడే వ్యాధి ఉంది. చలికి వేళ్లు తెల్లబడి, తరువాత నీలంగా మారతాయి. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆమెను చూసినవాణ్ని నేనే. ప్రతిసారీ వేళ్లు చూశాను, రక్తపోటు చూశాను, ఊపిరితిత్తులు విన్నాను. నోరు తెరవమని మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

మా ఆవిడ జొన్నరొట్టె పెట్టింది. ఆమె దాన్ని గోరంత ముక్కలుగా తుంచి, పప్పులో నానబెట్టి, పెదవుల సందులోంచి లోపలికి తోసుకుంటున్నారు.

"నోరు తెరుసుకుంటలేదు సారూ. ముంగటి పండ్లు గూడ కలుస్తలేవు."

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడగబోయి ఆగిపోయాను. అడగవలసినవాణ్ని నేను కదా!

ఈ వ్యాధిలో నోరు బిగుసుకుపోవడం కొత్త సంగతి కాదు. 1753లో నేపుల్స్ వైద్యుడు కార్లో కుర్జియో వర్ణించిన 17 ఏళ్ల యువతిలోనూ నోటి చుట్టూ బిగువు ఉంది. అయితే నన్ను కలవరపెట్టింది ఆమె రెండో మాట. కొందరిలో కింది దవడ ఎముక, చెవి కింది మలుపు వద్దా కీలును చేరే కొన వద్దా, క్రమంగా కరిగిపోతుంది. బిగిసిన కణజాలపు ఒత్తిడి, సన్నబడిన రక్తనాళాలు ఇందుకు కారణమని భావిస్తారు. నొప్పి లేకుండానే ఇది సాగవచ్చు. కీలు కొన తరిగితే ముందుపళ్లు కలవవు.

సాధారణంగా మన మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పడతాయి. ఆమెకు ఒక్కటే పట్టింది.

నోటి వ్యాయామాలు వెంటనే చెప్పాలనిపించినా తొందరపడలేదు. ఎముక పలచబడి ఉంటే బలవంతంగా సాగదీయడం వల్ల విరిగే ప్రమాదం ఉంది. ముందు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రికి పంపాను. రెండు దవడలూ ఒకే ఫిల్ములో కనిపించే ఎక్స్‌రేలో కుడి కీలు కొన అరిగి ఉంది. వారి సలహాతోనే వ్యాయామం మొదలైంది: బొటనవేళ్లతో నోటి మూలలను మెల్లగా పక్కలకు లాగడం, దవడ పళ్ల మధ్య ఐస్‌క్రీం పుల్లలు పేర్చి, ఓర్చుకోగలిగినంత మేరకే ఒక్కొక్కటి పెంచడం. పళ్లు తోమడానికి పిల్లల బ్రష్షు. ఎప్పుడైనా శస్త్రచికిత్స అవసరమైతే మత్తు వైద్యుడికి ఈ సంగతి ముందే చెప్పమన్నాను. ఇంత చిన్న నోట్లోంచి శ్వాసగొట్టం వేయడం కష్టం.

తరిగిన ఎముక వ్యాయామంతో తిరిగి రాదు. ఆ మాట ఆమెకు దాచకుండా చెప్పాను.

నాలుగు నెలలయింది. ఇప్పుడు ఒకటిన్నర వేలు పడుతోంది. రొట్టె మాత్రం ఇంకా పప్పులో నానబెట్టుకునే తింటున్నారు.