సంక్రాంతి రోడ్డు మీద రుద్రమ

హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కే లేదు. పండక్కి, పెళ్ళిళ్ళకి, ఓట్లకి. పంతంగి టోల్ దగ్గర క్యూ, నార్కట్‌పల్లి దాటాక టీ, సూర్యాపేటలో టిఫిన్. నాకు తెలిసిన రోడ్డు అంతే. ఈ దారిలో రుద్రమదేవి మరణం నమోదైన రాయి ఒకటి, దారి చివర ఆమె ఏలుబడి తొలి రోజుల నాటి రాయి ఇంకొకటి ఉన్నాయని ఈ జనవరి దాకా నాకు తెలీదు. రుద్రమ అంటే ఓరుగల్లు కోట. కాదంటే 2015లో వచ్చిన అనుష్క సినిమా.

ఈసారి పండక్కి వారం ముందే బయల్దేరాం, నేనూ అమ్మా. కారణం పండగ కాదు. తాతయ్య పోయి ఏడాదైంది. తెనాలి వైపు ఊళ్ళో ఆయన పొలం మామయ్యలిద్దరి పేర్లకి మారాలంటే అమ్మ సంతకం కావాలి. హక్కు విడుదల దస్తావేజు అంటారు. నా వాటా నాకొద్దు, తమ్ముళ్ళకిచ్చేస్తున్నా అని రాసివ్వడం. నాకది నచ్చలేదు. ఒకసారి అన్నాను కూడా. "నీకేం తెలుసే, ఊరుకో" అంది. ఆరు గంటల ప్రయాణంలో ఆ గొడవ మళ్ళీ రాకూడదంటే కారులో వేరే మాట ఏదో ఉండాలి. అందుకే రుద్రమని వెంటబెట్టుకున్నాను. రెండు రాత్రులు కూర్చుని చదివి, మ్యాప్‌లో రెండు పిన్నులు పెట్టాను.

మొదటి పిన్ను చందుపట్ల. నల్గొండ జిల్లా నకిరేకల్ మండలం. హైవే దిగి కొన్ని కిలోమీటర్లు లోపలికెళ్తే వస్తుంది. ఊళ్ళోకి వెళ్ళగానే అరుగు మీద కూర్చున్న పెద్దాయన్ని అడిగాను.

"శాసనం రాయా? గా రుద్రమదేవి రాయే కదా. ఏడికెళ్ళి వచ్చిండ్రు బిడ్డా?"

హైదరాబాద్ అని చెప్పాను. లేచి చెప్పులేసుకుని తనే ముందు నడిచాడు. దారిలో చెప్పాడు: "మా ఊరికొచ్చేటోళ్ళంత గా రాయి కోసమే వస్తరు."

రాయిని చూస్తే మొదట ఏమీ అర్థం కాదు. ఎండ పక్కనుంచి పడే వేళైతే అక్షరాలు కాస్త లేచి కనిపిస్తాయి. 13వ శతాబ్దం లిపి మనకి రాదు కానీ భాష తెలుగే. ఫోన్‌లో పాఠం తెరిచి పెట్టుకుని ఒక్కో అక్షరం పోల్చుకుంటూ పోయాను. నాలుగైదు దొరికాయి. అమ్మ కొంగుతో రాయి మీద దుమ్ము తుడవబోతే పెద్దాయన "తుడువకమ్మా, అరుగుతది" అన్నాడు.

రాయి చెప్పే సంగతి చిన్నదే. కాకతీయ రుద్రమదేవి శివలోకానికి వెళ్ళింది. ఆమెతోపాటు మల్లికార్జున నాయకుడూ వెళ్ళాడు. వాళ్ళకి పుణ్యం రావాలని, ఆ నాయకుడి బంటు పువ్వుల ముమ్మడి చందుపట్ల సోమనాథ దేవుడికి భూమి ఇచ్చాడు. శక సంవత్సరం 1211, మార్గశిరం. మన లెక్కలో 1289 నవంబరు 27 అంటారు. అంతే. ఎలా పోయిందో లేదు. యుద్ధం అన్న మాటే లేదు.

అయినా ఈ చిన్న రాయి పాఠ్యపుస్తకాన్ని మార్చింది. అంతకుముందు రుద్రమ 1295 దాకా ఏలిందని రాసేవారు. శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి ఈ శాసనాన్ని పరిశీలించాక ఆ తేదీ ఆరేళ్ళు వెనక్కి జరిగింది. రాణీ, సేనానీ ఒకేసారి పోవడం, అప్పటికే కాయస్థ అంబదేవుడు దక్షిణాన తిరగబడి ఉండటం, ఈ రెండూ కలిపి ఆమె అతని మీద యుద్ధానికి వెళ్తూ పోయిందని చరిత్రకారుల ఊహ. అంబదేవుడి అన్న జన్నిగదేవుడు మాత్రం అంతకుముందు ఆమెకి అండగా నిలిచినవాడే. ఒకే ఇంట్లో ఒకడు అండ, ఒకడు ఎదురు. మన ఇళ్ళలో లేనిదేమీ కాదు.

నన్ను ఆపేసింది వేరే విషయం. బతికున్నప్పుడు చాలా శాసనాల్లో ఆమె పేరు రుద్రదేవ మహారాజు. గణపతిదేవుడికి కొడుకులు లేరు. కూతుర్నే కొడుకులా పెంచి, మగపేరు పెట్టి, గద్దె మీద కూర్చోబెట్టాడు. ఈ రాయి వేయించినవాడు రాజూ కాదు, మంత్రీ కాదు. ఒక నాయకుడి దగ్గర బంటు. అతను మాత్రం రుద్రమదేవి అనే వేయించాడు.

(మా ఆఫీసులో విదేశీ క్లయింట్లు నా మెయిల్‌కి జవాబిస్తూ "డియర్ సర్" అని మొదలుపెడతారు. మూడేళ్ళుగా సరిదిద్దడం మానేశాను. పని జరిగిపోతోంది కదా అని.)

పెద్దాయన ఇంటికి తీసుకెళ్ళి చాయ్ తాగిస్తే గానీ వదల్లేదు. వాళ్ళ కోడలు అమ్మని అడిగింది: "మీకెంతమంది పిల్లలమ్మా?" "ఒక్కతే కూతురు" అంది అమ్మ. ఆవిడ ఒక క్షణం ఆగి, "మంచిదేలే, రుద్రమ లెక్క" అంది. అందరం నవ్వాం.

మళ్ళీ హైవే ఎక్కాం. కోదాడ దాకా నా ఉపన్యాసమే. మార్కో పోలో సంగతి చెప్పాను. ఆ వెనిస్ వర్తకుడు మోటుపల్లి రేవుని ముత్ఫిలి అని రాసుకున్నాడు. అక్కడి వజ్రాల గురించి, సాలెపట్టులాంటి సన్నని బట్టల గురించి రాసి, ఈ దేశాన్ని ఒక రాణి ఏలుతోందని, చాలా వివేకం గలదని పొగిడాడు. కాకపోతే రాజు పోయాక ఆయన భార్య ఏలుతోందని రాశాడు. ఆడమనిషి గద్దె మీద ఉంటే ఎవరి భార్యో అయ్యుండాలి కదా! కూతురయ్యుండొచ్చని అతనికి తట్టలేదు పాపం.

వరంగల్ కోటలో సింహం మీద స్వారీ చేసే స్త్రీ శిల్పం ఫోటో కూడా చూపించాను. స్వయంభూ దేవాలయంలో రుద్రమ కట్టించిన రంగమంటపం తాలూకు శిల్పం. చేతిలో కత్తి, డాలు. అది ఆమె బొమ్మేనంటారు. రాయగజకేసరి అన్నది ఆమె బిరుదు, రాజులనే ఏనుగుల పాలిట సింహం అని. ఇది మగవేషం కాదు, ఆడరూపమే. అంటే శాసనాల్లో మహారాజుగా ఉండటం ఆమెకి ఆఫీసు పేరులాంటిదేమో, గుడిలో తన రూపంతోనే చెక్కించుకుంది అనిపించింది నాకు. ఇది నా ఊహే సుమా.

"ఆవిడకి పిల్లలెంతమంది?" అమ్మ అడిగింది.

"ముగ్గురు కూతుళ్ళు. ముమ్మడమ్మ, రుద్రమ్మ, రుయ్యమ్మ."

"తర్వాత ఎవరు ఏలారు?"

ఆ ప్రశ్న రాకపోతే బాగుండనుకున్నాను. "మనవడు. ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు. దత్తత తీసుకుంది."

"చూశావా," అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ అంది, "ఆవిడ కూడా కూతురికివ్వలేదు."

నా దగ్గర జవాబు లేదు. జగ్గయ్యపేట వచ్చేదాకా పాటలు పెట్టుకున్నాం.

రెండో పిన్ను మల్కాపురం. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దాటి, ఉండవల్లి మీదుగా కరకట్ట పట్టుకుని వెళ్తే మందడం, వెలగపూడి, మల్కాపురం ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఈ పేర్లు మీకు వార్తల్లో రోజూ వినపడేవే. ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్నది వెలగపూడిలో. 2015లో 29 గ్రామాల రైతులు 30 వేల ఎకరాలకు పైగా పూలింగ్‌కి ఇచ్చింది ఈ చుట్టుపక్కలే. క్రేన్లు, కంకర లారీలు, వెడల్పాటి రోడ్లు, వాటి మధ్య ఊళ్ళు.

అక్కడ పైన నంది ఉన్న రాతి స్తంభం ఒకటి ఉంది. మనిషి ఎత్తుకి మించి ఉంటుంది. చుట్టూ అక్షరాలే. ఎక్కువ భాగం సంస్కృతం. 1261 మార్చి నాటిది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: గణపతిదేవుడు తన గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి మందడం ఊరు ఇచ్చాడు. రుద్రమదేవి వెలగపూడి ఊరు ఇచ్చింది.

అవును, ఇవ్వాళ ముఖ్యమంత్రులు కూర్చునే ఊరు ఒకప్పుడు రుద్రమదేవి దానమిచ్చిన ఊరు.

ఆ గురువు బెంగాల్ వైపు నుంచి వచ్చినవాడు, గోళకీ మఠం అధిపతి. రెండు ఊళ్ళూ కలిపి ఏం చేశాడో స్తంభం మీద వివరంగా ఉంది. చదువుతుంటే మన ప్రాజెక్టు ప్లాన్ డాక్యుమెంట్ లాగే అనిపించింది, ఎవరెవరు, ఏ పని, దేనికెంత వాటా అన్నీ రాసి. వేదాలు చెప్పేవాళ్ళు, తర్కం, సాహిత్యం, ఆగమం చెప్పేవాళ్ళు. ఒక వైద్యుడు. ఒక లెక్కలు రాసేవాడు. గుడిలో ఆడేవాళ్ళు, పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు. కంసాలి, కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, మంగలి. ఊరి కాపలాకి వీరభద్రులనే భటులు. సత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా వచ్చినవాళ్ళందరికీ అన్నం. ఆరోగ్యశాల ఒకటి.

ఇంకా, ప్రసూతిశాల.

ఆ మాట దగ్గర అమ్మ ఆగింది. "పురుళ్ళ ఆసుపత్రా? అప్పట్లోనా?"

"దానికంటూ ఊళ్ళ ఆదాయంలోంచి వాటా రాసిపెట్టారు."

రాజుల దానాలు మనకి తెలియనివి కావు. గుళ్ళకి, బ్రాహ్మణులకి, చెరువులకి. పురిటి గదికి వాటా రాయించిన దానపత్రం మాత్రం నేనెక్కడా చదవలేదు. అది రుద్రమ చెప్పిందా, గురువు ఆలోచనా అన్నది స్తంభాన్ని అడిగితే చెప్పదు. రుద్రమ మాత్రం ముగ్గురు ఆడపిల్లల్ని కన్న తల్లి. పురిటి నొప్పులు తెలిసిన మనిషి ఇచ్చిన ఊరు ఆ దానంలో సగం. నాకది చాలు.

ఇంకో సంగతి. రుద్రమ చెల్లెలు గణపాంబ, ఇక్కడికి దగ్గర్లోని ధరణికోట రాజు కోట బేతరాజు భార్య. భర్త పోయాక ఆమే ఆ ప్రాంతం ఏలింది. ఓరుగల్లులో అక్క, కృష్ణ ఒడ్డున చెల్లి. దీనిమీద ఎవరైనా వెబ్ సిరీస్ తీస్తే మొదటి రోజే చూస్తాను.

అమ్మ స్తంభం చుట్టూ ఒకసారి తిరిగింది. గుడిలో ప్రదక్షిణ చేసినట్టే. తర్వాత అక్కడున్న రాతి మీద కూర్చుని, చెప్పులు విడిచి, కాళ్ళు చాపుకుంది.

"ఊరు దానమివ్వాలంటే ముందు ఊరు తన చేతిలో ఉండాలిగా" అంది.

నేనేమీ అనలేదు. ఫోన్ తీసి స్తంభాన్ని ఫోటోలు తీస్తున్నట్టు నటించాను.

"మీ తాతయ్య నన్ను ఎలా పెంచాడో తెలుసా? పొలానికి నన్నే తీసుకెళ్ళేవాడు. తమ్ముళ్ళు చిన్నవాళ్ళు. నీళ్ళ వంతు రాత్రి పూట వస్తే లాంతరు నేనే పట్టుకునేదాన్ని. పెద్ద కొడుకువే నువ్వు అనేవాడు."

కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా అనే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ హయాంలోనే, 1986లో వచ్చింది. అప్పటికి పెళ్ళికాని వాళ్ళకి వర్తించేది. దేశం మొత్తానికి 2005లో వచ్చింది. అమ్మ పెళ్ళి 1993లో. అంటే ఏ చట్టం చూసినా వాటా ఉంది. ఇవన్నీ మూడు నెలల కింద నేను చెప్పినవే. అప్పుడు వినలేదు. అక్కడ మళ్ళీ చెప్పలేదు నేను.

సాయంత్రానికి ఊరు చేరాం. మామయ్యలు ఎప్పట్లానే ఎదురొచ్చి బ్యాగులు అందుకున్నారు. అత్తయ్య గోంగూర పచ్చడి, వేడన్నం పెట్టింది. చెడ్డవాళ్ళు కాదు వాళ్ళు. అందుకే ఈ విషయం ఇంత కష్టం.

మర్నాడు పొద్దున్న దస్తావేజు చిత్తు ప్రతి తెచ్చి అమ్మ ముందు పెట్టారు. కళ్ళజోడు లోపల ఉండిపోయిందని నన్ను చదవమంది. చదివాను. ఫలానావారి భార్య, వయసు ఇంత, గృహిణి, అని మొదలైంది.

"ఆగు," అంది అమ్మ. "పొలం మా నాన్నది కదా. భార్య అని ఎందుకు రాశారు? కూతురు అని రాయమను."

"దానికేముందక్కా, రాయిద్దాం. మార్పించి మధ్యాహ్నానికి తెస్తారు. రేపు సంతకం పెట్టేద్దువుగాని" అన్నాడు పెద్ద మామయ్య.

"రాయించండి. సంతకం సంగతి పండగయ్యాక చూద్దాం."

మామయ్య కాఫీ గ్లాసు కింద పెట్టాడు. అత్తయ్య వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయింది. అమ్మ మాత్రం తాపీగా నా వైపు తిరిగి, ఆ నంది స్తంభం ఫోటోలు తమ్ముడికి చూపించమంది.