అక్క వాళ్ళింటి ఫైర్‌ప్లేస్ మీద నాన్న ఫోటో

డిసెంబర్ 18 రాత్రి. సెమిస్టర్ అయిపోగానే ఒహాయోలో బస్సెక్కి, కాళ్ళు తిమ్మిర్లెక్కి, ఎట్టకేలకు వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో దిగాను. బావ కారులో ఇంటికి తీసుకెళ్ళాడు. లోపలికి అడుగు పెట్టగానే మేనకోడలు మెడకి వేలాడింది. వంటింట్లోంచి పప్పుచారు వాసన. అంతా బావుంది. కానీ హాల్లో ఏదో తేడా కొడుతోంది.

ఫైర్‌ప్లేస్ మీద నాన్న ఫోటో లేదు.

ఫైర్‌ప్లేస్ పైన అడ్డంగా ఒక పలక ఉంటుంది కదా, హాలీవుడ్ సినిమాల్లో గడియారాలు, ఫోటోలు పెడతారు చూడండి, దాన్నే మాంటెల్ అంటారు. ఒకప్పుడు పొయ్యి పొగ ఇల్లంతా కమ్మకుండా పట్టడానికి కట్టిన గూడులాంటిది. తర్వాత తర్వాత ఇంటికి ముఖంలా మారిపోయింది. అక్క వాళ్ళు ఈ ఇల్లు కొన్నప్పుడు అమ్మ ఇండియా నుంచి వచ్చి, గృహప్రవేశం రోజు నాన్న ఫోటో అక్కడే పెట్టింది. గంధపు దండతో సహా.

"ఫోటో ఏదక్కా?"

"పైన బెడ్‌రూమ్‌లో పెట్టాన్రా. పది రోజులే. 23న మా ఆఫీసు వాళ్ళు, పాప ఫ్రెండ్స్ వాళ్ళ పేరెంట్స్ పార్టీకొస్తున్నారు. మాంటెల్ డెకరేట్ చెయ్యాలి. క్రిస్మస్ సాక్స్ మధ్యలో దండేసిన ఫోటో ఉంటే వాళ్ళేమనుకుంటారు?"

అమ్మ వినీ విననట్టు అన్నం వడ్డిస్తోంది. "పిల్లల ఇల్లు, పిల్లల ఇష్టం" అంది అంతే. మా అమ్మ ఆ మాట అందంటే గొడవ మొదలైందని అర్థం. ఆమె 28న తిరుగు ప్రయాణం. పది రోజుల్లో వెళ్ళిపోయే మనిషి మూతి ముడుచుకుని కూర్చుంటే ఆ ఇంట్లో ఏ పండగ చేసుకుంటాం?

మంట కిందా ఓ కథ ఉంది

అక్క ఫోన్‌లో రెండొందల ఫోటోలు సేవ్ చేసి ఉంచింది. విక్టోరియన్, కలోనియల్, స్కాండినేవియన్, ఫామ్‌హౌస్... ఏది చెయ్యాలో తేలట్లేదు. "ఫోన్‌లో కాదు, నిజం ఇళ్ళు చూద్దాం పదండి" అన్నాడు బావ. అమ్మని కూడా బతిమాలి ఎక్కించాం.

మొదట ఊళ్ళోనే ఉన్న మేమాంట్. 1893లో జేమ్స్ డూలీ, సాలీ డూలీ అనే సంపన్న దంపతులు కట్టించుకున్న భవనం. పిల్లల్లేరు. 1925లో సాలీ చనిపోయాక ఇల్లు, దాదాపు నూరెకరాల తోట అన్నీ నగరానికి దక్కాయి. క్రిస్మస్‌కి ఆ గదుల్ని ఆ కాలం పద్ధతిలో అలంకరిస్తారు.

విక్టోరియన్ స్టైల్ అంటే ఒక్క మాటలో చెప్పాలంటే 'ఖాళీ కనిపించకూడదు'. మాంటెల్ పైన పెద్ద అద్దం. ఇటో కొవ్వొత్తి స్టాండు, అటో కొవ్వొత్తి స్టాండు, రెండు వైపులా సమానంగా. మధ్యలో గడియారం. పచ్చటి కొమ్మల తోరణం, దాని మీద ఎర్ర రిబ్బన్లు, బంగారు రంగు మెరుపులు. ఈ మోజంతా ఇంగ్లండ్ నుంచి వచ్చింది. మొదటి క్రిస్మస్ గ్రీటింగ్ కార్డు 1843లో లండన్‌లో అచ్చయింది. విక్టోరియా రాణి కుటుంబం క్రిస్మస్ చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మని 1848లో ఒక లండన్ పత్రిక వేసింది. అది చూసి మధ్యతరగతి ఇళ్ళన్నీ చెట్టు పెట్టుకోవడం మొదలెట్టాయి. వచ్చిన కార్డులన్నీ మాంటెల్ మీద వరసగా నిలబెట్టేవాళ్ళు. ఎన్ని కార్డులుంటే అంత పరపతి. ఇప్పటి లైకుల్లాగే అనుకోండి.

అక్క కళ్ళు మెరుస్తున్నాయి. అమ్మ మాత్రం నేలమాళిగకి దిగే మెట్ల దగ్గర ఆగింది. కింద పనివాళ్ళ గదులున్నాయి. ఆ ఇంట్లో వంట, వడ్డన, ఉతుకుడు చేసిన నల్లజాతి వాళ్ళ జీవితాల్ని అక్కడ చూపిస్తారు. పైన మంట వెచ్చగా వెలగాలంటే కింద నుంచి ఎవరో ఒకరు బొగ్గు మొయ్యాలి, తెల్లారే బూడిద ఎత్తాలి. అమ్మ ఆ వంటగదిలో చాలాసేపు నిలబడింది. "పైనంతా బాగానే ఉంది కానీ, ఆ బూడిదెత్తిన వాళ్ళకి పండగెప్పుడో" అంది. రెండ్రోజుల్లో ఆమె అన్న మొదటి పెద్ద వాక్యం అదే.

తలుపుకి అనాసపండా?

మర్నాడు విలియమ్స్‌బర్గ్. రిచ్‌మండ్ నుంచి కారులో గంట. 1699 నుంచి 1780 దాకా వర్జీనియాకి రాజధాని. 1920ల చివర్లో రాక్‌ఫెల్లర్ డబ్బుతో ఆ పాత ఊరిని మళ్ళీ నిలబెట్టడం మొదలెట్టారు. ఇప్పుడు అక్కడ వీధుల్లో గుర్రబ్బళ్ళు తిరుగుతాయి, కమ్మరి కొలిమి మండుతుంది. ఇళ్ళ లోపలికి వెళ్ళాలంటే టికెట్ కావాలి కానీ వీధుల్లో తిరగడం ఫ్రీ. స్టూడెంట్ బడ్జెట్ ఉన్నవాళ్ళు గుర్తుపెట్టుకోండి.

డిసెంబర్‌లో అక్కడ చూడాల్సింది తలుపుల్నే. ప్రతి తలుపుకీ పళ్ళ దండలు! ఆపిల్స్, నారింజలు, నిమ్మకాయలు, మధ్యలో ఠీవిగా అనాసపండు. చుట్టూ మాగ్నోలియా ఆకులు, పైన్ కాయలు, పత్తికాయలు, ఆల్చిప్పలు. ప్లాస్టిక్ కనిపించదు. లోపల మాంటెల్ మీదైతే 'ఆపిల్ కోన్' పెడతారు. శంకువు ఆకారంలో చెక్కిన కొయ్యకి చుట్టూ మేకులుంటాయి. ఒక్కో మేకుకీ ఒక్కో ఆపిల్ గుచ్చి, సందుల్లో ఆకులు దూర్చి, నెత్తిన అనాసపండు నిలబెడతారు. దూరం నుంచి చూస్తే చిన్న గోపురంలా ఉంటుంది.

"తినే పండుకి మేకు కొడతారా!" అని అమ్మ నోరెళ్ళబెట్టింది. ఆమె అనుమానం కరెక్టే. అక్కడి గైడ్ చెప్పిన విషయం విని మేమే ఆశ్చర్యపోయాం. 18వ శతాబ్దంలో ఈ ఊరివాళ్ళెవరూ ఇలా చేసేవాళ్ళు కాదట. అనాస, నిమ్మ అప్పుడు ఓడల్లో రావాలి, బోలెడు ఖరీదు. వాటిని చలికి వదిలేసేంత పిచ్చివాళ్ళెవరూ లేరు. అప్పట్లో పండగంటే కిటికీకి, చర్చికి నాలుగు పచ్చటి కొమ్మలు, అంతే.

మరి ఈ పళ్ళ దండలెక్కడివి? 1930లలో వచ్చాయి. పాత ఊరు చూడటానికొచ్చే జనానికి పండగ కళ చూపించాలి కదా. అక్కడ పూల అలంకరణ చూసే లూయిస్ ఫిషర్ అనే ఆవిడ పాత పుస్తకాలు, బొమ్మలు తిరగేసింది. 15వ శతాబ్దపు ఇటలీ శిల్పి లూకా డెల్లా రాబియా మట్టితో చేసిన పళ్ళ దండలు, గ్రిన్‌లింగ్ గిబ్బన్స్ చెక్క మీద చెక్కిన పళ్ళూ ఆకులూ ఆమెకి దారి చూపించాయి. జనానికి తెగ నచ్చేసింది. అమెరికా అంతా 'కలోనియల్ స్టైల్' అని పేరు పెట్టుకుని కాపీ కొట్టింది. అంటే మూడొందల ఏళ్ళ సంప్రదాయం అని మనం అనుకునేదానికి నిండా వందేళ్ళు లేవు!

"అయితే వీళ్ళు కూడా ఎక్కడో చూసి తెచ్చుకుని, మాదే అనుకున్నారన్నమాట" అంది అమ్మ. అక్క ఏదో అనబోయి ఆగిపోయింది. తిరిగొచ్చేటప్పుడు అక్కడి షాపులో ఒక చెక్క కోన్ కొన్నాం.

పక్కింటి బామ్మగారి మాంటెల్

ఆ సాయంత్రం పక్కింటి బామ్మగారు కాఫీకి పిలిచింది. ఎనభై దాటిన మనిషి. వాళ్ళ పెద్దలు స్వీడన్ నుంచి వచ్చారట. ఆవిడ మాంటెల్ చూస్తే విక్టోరియన్ పద్ధతికి పూర్తి వ్యతిరేకం. తెల్లటి పలక. దాని మీద త్రికోణంలో ఏడు దీపాలున్న కరెంటు స్టాండు. స్వీడన్‌లో డిసెంబర్ అంతా చీకటే కాబట్టి కిటికీల్లో అవి వెలిగిస్తారు. ఎర్ర రిబ్బన్ కట్టిన గడ్డి మేక. చెక్కతో చేసిన ఎర్ర గుర్రం. రెండు పైన్ కొమ్మలు. అంతే. మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీయే అందం.

ఒక మూల మాత్రం మూతున్న చిన్న ఇత్తడి పాత్ర. దాని మెడకి కూడా పచ్చటి కొమ్మ చుట్టి ఉంది. "అదేంటండీ, చాలా బావుంది" అంది అక్క.

"మా ఆయన" అంది బామ్మగారు, బిస్కెట్ల ప్లేటు మా వైపు జరుపుతూ. భర్త పోయి ఆరేళ్ళయింది, చితాభస్మం అందులో ఉంది. "ఆయనకి క్రిస్మస్ అంటే ప్రాణం. పండక్కి ఆయన్ని ఎక్కడ దాస్తాను?"

నేను అనువదించి చెబితే అమ్మ చేతిలో కప్పు ఆగిపోయింది. మన దగ్గర అస్థికలు ఇంటి గడప లోపలికే తేరు కదా. కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత అమ్మ లేచి వెళ్ళి, ఆ పాత్రకేసి చూసి రెండు చేతులూ జోడించింది. బామ్మగారు కూడా చేతులు జోడించింది. ఒకరి భాష ఒకరికి రాదు.

ఇంటికొచ్చాక అక్క చెప్పులు విప్పి సరాసరి మెట్లెక్కింది. దిగేటప్పుడు చేతిలో నాన్న ఫోటో. "ఎవరేమనుకుంటే నాకేంటే అమ్మా" అంది. గొంతు వణికింది. అమ్మ ఏం మాట్లాడలేదు. చీర కొంగుతో ఫోటో అద్దం తుడిచింది.

మేం చేసిన మాంటెల్

మర్నాడు మొత్తం అదే పని. మీకూ పనికొస్తుందని వరసగా చెప్తున్నా.

ముందు మధ్యలో ఏం ఉండాలో తేల్చుకోవాలి. మాకు నాన్న ఫోటో, గంధపు దండతోనే. ఆయనకి ఒక పక్క ఆపిల్ కోన్, రెండో పక్క అమ్మ తెచ్చిన ఏటికొప్పాక లక్క బొమ్మలు మూడు. సరిసంఖ్యలో కంటే మూడు, అయిదు పెడితే కంటికి బావుంటుంది. పొడవువి చివర్లకి, పొట్టివి మధ్యకి వచ్చేలా సర్దాం. పలక పొడవునా మాగ్నోలియా ఆకుల తోరణం. కోన్ కింద నిమ్మకాయలు ఊరికే పేర్చాం, వాటికి మేకులు కొట్టడానికి అమ్మ ఒప్పుకోలేదు.

జాగ్రత్తలు కూడా రాసుకోండి. ఫైర్‌ప్లేస్ గ్యాస్‌ది అయినా వేడి పైకే కొడుతుంది. తోరణం చివర్లు మంట ముందుకి వేలాడకూడదు. సాక్స్ తగిలించి ఉన్నంతసేపు మంట వెలిగించకూడదు. ఎండిన ఆకుల మధ్య నిజం కొవ్వొత్తులొద్దు, బ్యాటరీవి చాలు. సాక్స్ తగిలించే కొక్కేలు బరువైనవి తీసుకుని, లాగితే ఊడిరాకుండా చూసుకోండి. పిల్లలు లాగితే ఆ ఇనుము నెత్తిన పడుతుంది. హోలీ కొమ్మలకుండే ఎర్ర పళ్ళు విషం, చిన్నపిల్లలు, కుక్కలు ఉంటే అసలు తేవద్దు. అమ్మ దీపం మాత్రం ఎప్పట్లాగే దేవుడి గూట్లో.

సాక్స్ ఎందుకు తగిలిస్తారని మేనకోడలు అడిగింది. 1823లో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ ఊరి పత్రికలో పేరు లేకుండా ఒక గేయం అచ్చయింది. సాంటా పొగగొట్టంలోంచి దిగి సాక్స్ నింపడం అమెరికా పిల్లల మనసులో నాటుకుంది దానివల్లే. కానీ అసలు కథ ఇంకా పాతది. 4వ శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న మైరా అనే ఊరికి నికోలస్ బిషప్. ఒక పేద తండ్రికి ముగ్గురు కూతుళ్ళు, పెళ్ళిళ్ళకి కట్నాలివ్వలేడు. నికోలస్ రాత్రిపూట రహస్యంగా బంగారం విసిరి వెళ్ళాడని, అది మంట దగ్గర ఆరేసిన మేజోడులో పడిందని ఒక కథ.

"అంటే సాక్స్ కట్నం కోసమా?" అన్నాడు బావ.

"నువ్వు మాత్రం తగిలించకు" అంది అక్క. చాన్నాళ్ళకి ఆ ఇంట్లో అందరం ఒకేసారి నవ్వాం.

పార్టీ రోజు

23న పాతికమంది వచ్చారు. అక్క భయపడిన ప్రశ్న రానే వచ్చింది. ఆఫీసు ఫ్రెండ్ ఒకావిడ ఫోటో ముందు ఆగి "ఎవరు?" అంది.

"మా నాన్న" అంది అక్క. "పోయిన వాళ్ళ ఫోటోకి మేం దండ వేస్తాం."

ఆవిడ కాసేపు చూసి, "మీ నవ్వు ఆయనదే" అంది. ఇంతేనా అన్నట్టు అక్క నా వైపు చూసింది. ఇంతే.

మీకు ఫైర్‌ప్లేస్ లేకపోవచ్చు. హైదరాబాద్‌లో, గుంటూరులో ఎవరికుంటుంది? టీవీ కింద అర ఉందిగా, షోకేసు ఉందిగా. బొమ్మల కొలువు పెట్టిన ఇళ్ళు మనవి, ఒక పలక సర్దడం మనకి కొత్తా? ఏ స్టైల్ అని రెండొందల ఫోటోలు సేవ్ చేసే ముందు, ఆ పలక మీద నుంచి ఎవర్ని తీసెయ్యకూడదో చూసుకోండి.

27 ఉదయం, ప్రయాణానికి ముందు రోజు, లేచి చూస్తే కోన్ కింద నిమ్మకాయలు లేవు. వంటింట్లో పోపు చిటపటలు.

"రేపట్నించి వాటిని మీరెవరు చూస్తారు, ఎండబెట్టడం తప్ప" అంటూ అమ్మ నిమ్మకాయ పులిహోర కలుపుతోంది. మొదటి ప్లేటు నాన్న ఫోటో ముందు పెట్టి, రెండోది చేతికిచ్చి, "పక్కింటావిడకి ఇచ్చి రా. కారం తక్కువేశానని చెప్పు" అంది.